కరెంటు చీలే కూడలికి లెక్క చెప్పిన గుస్తావ్ కిర్కాఫ్

ఇంటి మీటరు నుండి బయలుదేరిన కరెంటు లోపలికి రాగానే పాయలుగా చీలిపోతుంది. ఒక పాయ దీపానికి, ఒక పాయ పంకాకు, మరొక పాయ ఇస్త్రీ పెట్టెకు చేరుతుంది. ఏ పాయకు ఎంత కరెంటు పోవాలో దగ్గర నిలబడి పంచేవారెవరూ లేరు. అయినా ఆ పంపకంలో రవ్వంత తేడా రాదు. చీలిన పాయలన్నీ తిరిగి కలిసే చోట మొదట బయలుదేరిన మొత్తమే చేరుతుంది. ఈ పంపకానికి ఒక నియమం ఉన్నదని, దానిని కాగితం మీద ముందుగానే లెక్కకట్టవచ్చునని 1845లో లోకానికి తెలిపినవాడు ఒక విద్యార్థి. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. పేరు గుస్తావ్ రాబర్ట్ కిర్కాఫ్. పదవ తరగతి దాటిన ప్రతి విద్యార్థీ ఏ భాషలో చదివినా ఈ పేరును ఎక్కడో ఒకచోట విని ఉంటాడు. ఆ పేరు వెనుక ఉన్న జీవితం మాత్రం చాలామందికి తెలియదు.

సరిహద్దు పట్టణంలో జననం

కిర్కాఫ్ 1824 మార్చి 12న ప్రష్యా రాజ్యపు తూర్పు కొసన ఉన్న కోనిగ్స్‌బెర్గ్ పట్టణంలో జన్మించారు. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉన్నవారు. ప్రష్యా ప్రభుత్వం పట్ల, చదువు పట్ల గౌరవం గల కుటుంబం అది. జర్మను, పోలిష్, లిథువేనియన్ భాషలవారు ఇరుగుపొరుగుగా మసలిన ప్రాంతమది. సరిహద్దు ప్రాంతమైనా విద్యకు పెట్టింది పేరు. అక్కడి విశ్వవిద్యాలయం 1544లో వెలసింది. తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ పుట్టి, బోధించి, కన్నుమూసిన ఊరు కూడా అదే.

ఆ పట్టణానికి గణితశాస్త్రంలో మరొక ప్రసిద్ధి ఉన్నది. ప్రెగెల్ నది పాయలుగా చీలి పట్టణం గుండా ప్రవహించేది. ఆ పాయలపై ఏడు వంతెనలు ఉండేవి. ఏ వంతెననూ రెండుసార్లు దాటకుండా ఏడింటినీ ఒకే నడకలో చుట్టిరావడం సాధ్యమా అన్న చిక్కుప్రశ్న ఒకటి ఆ ఊరి పేరుతో ప్రచారంలో ఉండేది. అది అసాధ్యమని లియోనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త 1736లో తేల్చారు. వంతెనల పొడవు, వెడల్పు ఆయన పట్టించుకోలేదు. ఏ కూడలి వద్ద ఎన్ని దారులు కలుస్తున్నవి అన్నదొక్కటే లెక్కించారు. శతాబ్దం గడిచిన తరువాత అదే ఊరి బిడ్డ తీగల కూడళ్లకు లెక్క చెప్పడం చరిత్రలోని ఒక చక్కని పొంతన.

గురువుల నీడలో

కిర్కాఫ్ స్వస్థలంలోని విశ్వవిద్యాలయంలోనే చేరారు. భౌతికశాస్త్రంలో ఫ్రాంజ్ నాయ్‌మన్, గణితంలో ఫ్రీడ్రిక్ రిషెలో ఆయన గురువులు. నాయ్‌మన్, యాకోబీ అనే ఇద్దరు ఆచార్యులు కలిసి అక్కడ ఒక ప్రత్యేక అధ్యయన గోష్ఠిని నెలకొల్పారు. అందులో విద్యార్థులు పాఠం విని ఊరుకొంటే చాలదు. ఒక సమస్యను తీసుకొని, కొలతలు జరిపి, గణితంతో సరిచూసి సమర్పించాలి. ప్రయోగమూ గణితమూ ఒకే కాడికి కట్టిన ఎడ్ల వలె కలిసి నడవాలన్నది ఆ గోష్ఠి పద్ధతి. కిర్కాఫ్ జీవితాంతం ఆ పద్ధతిని విడువలేదు.

ఆ రోజులలో కరెంటు గురించి తెలిసినది స్వల్పం. జార్జ్ సైమన్ ఓమ్ అనే పాఠశాల ఉపాధ్యాయుడు 1827లో ప్రచురించిన పుస్తకంలో ఒక నియమాన్ని వెల్లడించారు. తీగ రెండు కొసల మధ్య విద్యుత్ పీడనం, అనగా వోల్టేజి, పెరిగితే కరెంటు పెరుగుతుంది. తీగ నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుంది. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఇంత చక్కని నియమాన్ని స్వదేశంలో పలువురు పండితులు చాలాకాలం ఆదరించలేదు. లండన్‌లోని రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకమిచ్చి గౌరవించిన తరువాతనే ఓమ్ పేరు నిలదొక్కుకొన్నది.

ఒకే దారిలో సాగే కరెంటుకు ఓమ్ నియమం చక్కగా సరిపోయింది. దారి చీలి, చీలిన దారులు మళ్లీ అల్లుకొని వలగా ఏర్పడితే ఏమి చేయాలి? టెలిగ్రాఫు తీగలు దేశదేశాలలో పాకుతున్న కాలమది. ఏ తీగలో ఎంత కరెంటు పోతుందో తెలియకపోతే వార్త చేరుతుందో లేదో తెలియదు. ఎటువంటి అల్లికకైనా పనికివచ్చే ఒక సాధారణ పద్ధతి అప్పటికి అవసరమైనది.

వ్యాసం చివరన రెండు నియమాలు

నాయ్‌మన్ గోష్ఠిలో అభ్యాసంగా కిర్కాఫ్ చేపట్టినది వేరొక సమస్య. గుండ్రని పలుచని లోహపు రేకులో ఒక చోట కరెంటు ప్రవేశించి మరొక చోట వెలుపలికి పోతే, రేకంతటా అది ఎలా పరచుకొంటుందో తేల్చడం ఆయన పని. ఆ వ్యాసం 1845లో జర్మనీలోని ప్రముఖ భౌతికశాస్త్ర పత్రికలో వెలువడినది. నేడు లోకమంతా చదువుతున్న రెండు నియమాలు ఆ వ్యాసపు చివరి పుటలలో ఉన్నవి.

మొదటి నియమం కూడలికి సంబంధించినది. తీగలు కలిసే ఏ చోటనైనా లోపలికి వచ్చే కరెంట్ల మొత్తం వెలుపలికి పోయే కరెంట్ల మొత్తానికి సమానం. కూడలిలో కరెంటు నిలువ ఉండదు. అక్కడ కొత్తగా పుట్టదు, మాయమూ కాదు. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో వచ్చినది, పోయినది సరితూగినట్లే కూడలి లెక్క కూడా సరితూగుతుంది.

రెండవ నియమం వలయానికి సంబంధించినది. ఒక చోట బయలుదేరి, తీగల వెంట తిరిగి, మళ్లీ అదే చోటికి చేరితే, దారిలో బ్యాటరీ ఇచ్చిన వోల్టేజి అంతా నిరోధాలలో ఖర్చయిన వోల్టేజితో సరిపోతుంది. కొండ ఎక్కి దిగి బయలుదేరిన చోటికే వచ్చినవాడు ఎంత ఎత్తు ఎక్కాడో అంత ఎత్తే దిగి ఉంటాడు. అటువంటిదే ఈ నియమం.

ప్రధాన కాలువ నుండి పిల్లకాలువలు చీలే దృశ్యంతో దీనిని పోల్చుకోవచ్చు. తూము వెడల్పుగా ఉన్న కాలువకు ఎక్కువ నీరు, ఇరుకైన కాలువకు తక్కువ నీరు పారుతుంది. అయితే కాలువలో కొంత నీరు ఇంకిపోతుంది, కొంత ఆవిరవుతుంది, చివరి పొలానికి తరుగుతుంది. సక్రమంగా ఉన్న తీగల కూడలిలో అటువంటి తరుగు లేదు.

సమాంతర దారులలో కరెంటు లెక్క

నిరోధాలను రెండు విధాలుగా కలుపవచ్చు. ఒకదాని వెనుక ఒకటి వరుసగా కలిపితే శ్రేణి సంధానం. అన్నింటి మొదటి కొసలను ఒక కూడలిలో, రెండవ కొసలను మరొక కూడలిలో కలిపితే సమాంతర సంధానం. పాతకాలపు తిరునాళ్ల సీరియల్ దీపాలు శ్రేణిలో ఉండేవి. ఒక బల్బు మాడితే దండ అంతా ఆరిపోయేది. ఇంటి దీపాలు సమాంతరంగా ఉంటాయి. వంటింటి దీపం మాడినా వసారాలోని దీపం వెలుగుతూనే ఉంటుంది.

సమాంతర సంధానంలో కిర్కాఫ్ నియమాలు ఎలా పని చేస్తాయో ఒక చిన్న ఉదాహరణలో చూడవచ్చు. ట్రాక్టరుకు వాడే 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓములు, 6 ఓములు, 12 ఓములు గల మూడు నిరోధాలను సమాంతరంగా కలిపారనుకొందాం. మూడింటి కొసలూ అవే రెండు కూడళ్లలో కలుస్తున్నవి. కనుక వలయ నియమం ప్రకారం మూడింటికీ లభించేది ఒకే 12 వోల్టులు. ఇక ఒక్కొక్క దారికి ఓమ్ నియమాన్ని వర్తింపజేస్తే చాలు. మొదటి దారిలో 12ను 4తో భాగించగా 3 ఆంపియర్లు. రెండవ దారిలో 12ను 6తో భాగించగా 2 ఆంపియర్లు. మూడవ దారిలో 12ను 12తో భాగించగా 1 ఆంపియరు. కూడలి నియమం ప్రకారం బ్యాటరీ నుండి రావలసిన కరెంటు ఈ మూడింటి మొత్తం, అనగా 6 ఆంపియర్లు.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనించదగినవి. నిరోధం తక్కువగా ఉన్న దారిలోనే కరెంటు ఎక్కువ. 4 ఓముల దారిలో పోయే కరెంటు 12 ఓముల దారిలో పోయే దానికి మూడు రెట్లు. కరెంటు కేవలం సులువైన దారినే పట్టుకొని పోతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. కరెంటు తెరచి ఉన్న ప్రతి దారిలోనూ పోతుంది. కష్టమైన దారికీ దాని వాటా దానికి దక్కుతుంది.

రెండవ సంగతి విద్యార్థులను తికమకపెట్టేది. 12 వోల్టుల బ్యాటరీ నుండి 6 ఆంపియర్లు ప్రవహిస్తే మొత్తం నిరోధం 2 ఓములు మాత్రమే. మూడింటిలోనూ అతి చిన్నదైన 4 ఓముల కన్నా ఇది తక్కువ. నిరోధాలు చేర్చుకొంటూ పోతే మొత్తం తగ్గడమేమిటన్న సందేహం సహజం. ఒక్కొక్క నిరోధం ఒక్కొక్క కొత్త దారి. సంతకు పోయే బాటలు పెరిగేకొద్దీ జనం రాకపోకలు సులువవుతాయి. దారులు పెరిగేకొద్దీ కరెంటుకూ అంతే. అందుచేతనే సమాంతర సంధానంలో నిరోధాలను కూడరాదు. వాటి విలోమాలను కూడాలి. నాలుగవ వంతు, ఆరవ వంతు, పన్నెండవ వంతు కలిపితే సగం వస్తుంది. సగానికి విలోమం 2. పై లెక్కలో వచ్చిన జవాబూ అదే.

వోల్టేజి తెలియక, మొత్తం కరెంటు మాత్రమే తెలిసినప్పుడు కూడా వాటాలు తేల్చవచ్చు. 8 ఆంపియర్ల కరెంటు ఒక కూడలికి వచ్చి 4 ఓములు, 12 ఓములు గల రెండు దారులుగా చీలినదనుకొందాం. ఒక దారి వాటా కావాలంటే రెండవ దారి నిరోధాన్ని రెండింటి మొత్తంతో భాగించి, వచ్చిన దానిని మొత్తం కరెంటుతో హెచ్చించాలి. 4 ఓముల దారికి 12ను 16తో భాగించి 8తో హెచ్చించగా 6 ఆంపియర్లు. 12 ఓముల దారికి 4ను 16తో భాగించి 8తో హెచ్చించగా 2 ఆంపియర్లు. రెండూ కలిపితే 8. కూడలి లెక్క సరిపోయినది. పరీక్షలో జవాబు సరియైనదో కాదో తెలుసుకొనే ఉపాయం కూడా ఇదే. వాటాలు కూడితే మొత్తం రాకపోతే లెక్కలో ఎక్కడో పొరపాటు ఉన్నట్లే.

ఇంటి బోర్డు చెప్పే పాఠం

ఈ లెక్క పరీక్షతో ముగిసేది కాదు. 230 వోల్టుల సరఫరా గల ఇంటిలో ఒకే పొడిగింపు బోర్డుకు 60 వాట్ల పాతరకం బల్బు, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే 1500 వాట్ల హీటరు కడ్డీ తగిలిస్తే అవి మూడు సమాంతర దారులవుతాయి. బల్బులో సుమారు 0.26, ఇస్త్రీ పెట్టెలో 4.35, హీటరులో 6.52 ఆంపియర్ల కరెంటు పోతుంది. ఈ మూడూ బోర్డు తీగలో కలిసి సుమారు 11.13 ఆంపియర్లవుతాయి. ఇటువంటి వేడినిచ్చే పరికరాలకు ఈ లెక్క సూటిగా సరిపోతుంది. మోటార్లకు మరికొన్ని అంశాలు తోడవుతాయి.

బోర్డు 6 ఆంపియర్లకు ఉద్దేశించిన సాధారణమైనదైతే దాని తీగపై దాదాపు రెండింతల భారం పడుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కనుక వేడి మూడు రెట్లకు పైగా అవుతుంది. పరికరాలు విడివిడిగా ఏ లోపమూ లేనివే. దీపం తన వాటాయే తీసుకొంటుంది, ఇస్త్రీ పెట్టె తన వాటాయే తీసుకొంటుంది. ప్రమాదమంతా అవి కలిసే తీగలో ఉన్నది. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చేది అక్కడే, అగ్గి పుట్టేది అక్కడే. ఫ్యూజు కాపలా కాసేది ఆ ఉమ్మడి దారినే. ఫ్యూజు పోయినప్పుడల్లా లావుపాటి తీగ చుట్టి సరిపెట్టే ఇళ్లలో కాపలావాడిని కట్టిపడవేసినట్లే. కోనిగ్స్‌బెర్గ్ విద్యార్థి వ్రాసిన కూడలి నియమం తెలిసిన ఇల్లాలు ఆ పని చేయనివ్వదు.

చిక్కు వలకు చక్కని లెక్క

నియమాలు దొరికినా ఒక చిక్కు మిగిలినది. పెద్ద అల్లికలో వలయాలు లెక్కకు మించి కనిపిస్తాయి. అన్నింటికీ సమీకరణాలు వ్రాస్తే కొన్ని వృథాగా పునరుక్తమవుతాయి. నిజంగా ఎన్ని అవసరం? 1847లో కిర్కాఫ్ దీనికి సమాధానమిచ్చారు. దారుల సంఖ్య నుండి కూడళ్ల సంఖ్యను తీసివేసి ఒకటి కలిపితే, అవసరమైన వలయాల సంఖ్య వస్తుంది. పైన చెప్పిన మూడు నిరోధాల ఉదాహరణలో బ్యాటరీతో కలిపి దారులు 4, కూడళ్లు 2. కనుక వలయాలు 3. కూడలి సమీకరణం ఒకటి చేరితే మొత్తం నాలుగు. తెలియవలసిన కరెంట్లూ నాలుగే. ఆయిలర్ వంతెనల లెక్కతో మొలకెత్తిన గణితశాఖలో కిర్కాఫ్ వ్యాసం కూడా ఒక మూలస్తంభంగా నేటికీ పేర్కొనబడుతున్నది.

అదే కాలంలో పారిస్ వెళ్లి చదువుకొనేందుకు ఆయనకు ప్రభుత్వ సహాయం లభించింది. కాని 1848లో యూరప్ అంతటా విప్లవాలు చెలరేగడంతో ప్రయాణం ఆగిపోయింది. ఆయన బెర్లిన్‌లో ఆగి, జీతం లేని బోధకుడిగా చేరారు. 1849లో ఓమ్ సిద్ధాంతంలోని ఒక లోపాన్ని సరిదిద్దారు. తీగలో కరెంటును నడిపే కారణాన్ని ఓమ్ సరిగా వివరించలేకపోయారు. నిశ్చల విద్యుత్తులో పొటెన్షియల్ అని పిలిచేదీ, తీగలో కరెంటును నడిపేదీ ఒక్కటేనని కిర్కాఫ్ చూపారు. నేడు మనం వోల్టేజి అంటున్న భావన స్థిరపడినది దానితోనే. ఓమ్ అప్పటికి సజీవులై ఉన్నారు. ఆయన నియమాన్ని పడగొట్టకుండా దాని పునాదిని గట్టిపరచడం కిర్కాఫ్ చేసిన మేలు.

బున్సెన్ మైత్రి, సూర్యుని రహస్యం

1850లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో కిర్కాఫ్‌కు ఉద్యోగం దొరికింది. మరుసటి సంవత్సరం అక్కడికి రాబర్ట్ బున్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చారు. కిర్కాఫ్ మితభాషి, సన్నని మనిషి. బున్సెన్ భారీ విగ్రహం, కలుపుగోలు స్వభావం. ఇద్దరికీ గాఢమైన స్నేహం కుదిరింది. బున్సెన్ హైడెల్‌బర్గ్ వెళ్లిన తరువాత తన మిత్రునికి కూడా అక్కడ పదవి లభించేలా కృషి చేశారు. 1854లో కిర్కాఫ్ హైడెల్‌బర్గ్ చేరారు. హైడెల్‌బర్గ్‌లో ఉండగానే తన గణిత గురువు రిషెలో కుమార్తె క్లారాను వివాహమాడారు. 1857లో మరొక విశేషాన్ని కనుగొన్నారు. నిరోధం లేని తీగలో విద్యుత్ తరంగం కాంతి వేగంతో సాగుతుందని ఆయన గణితం తెలిపింది.

బున్సెన్ అప్పుడు లవణాలను మంటలో ఉంచి రంగులను పరిశీలిస్తున్నారు. రంగుటద్దాలతో కాకుండా పట్టకంతో వెలుగును విడదీసి చూడవలసినదని కిర్కాఫ్ సూచించారు. ఒక్కొక్క మూలకం తనకే ప్రత్యేకమైన రంగు గీతలను చూపింది. మనిషికి వేలిముద్ర వలె మూలకానికి గీతలు. వేల లీటర్ల ఊటనీటిని ఇగిర్చి 1860లో సీసియంను, 1861లో రుబీడియంను వారు ఈ పద్ధతితోనే కనుగొన్నారు.

సూర్యకాంతిలో నల్లని గీతలున్న సంగతి ఫ్రాన్‌హోఫర్ కాలం నుండి తెలిసినదే. అవి ఎందుకున్నవో తెలియదు. సూర్యకాంతిని సోడియం మంట గుండా పంపితే ఆ గీత వెలిగిపోవడానికి బదులు మరింత నల్లబడటం కిర్కాఫ్ 1859లో గమనించారు. ఏ వాయువు ఏ రంగును వెదజల్లుతుందో, ఆ రంగునే అది పీల్చుకొంటుందని గ్రహించారు. సూర్యుని ఆవరణంలో సోడియం, ఇనుము వంటి భూమిపై ఉన్న మూలకాలే ఉన్నవని తేలినది. ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ సరితూగాలన్న భావన ఇక్కడ కూడా ఆయనకు దారి చూపినది. వేల గీతలను కొలిచే శ్రమకు ఆయన కళ్లు దెబ్బతిన్నవి. పటంలోని మిగిలిన భాగాన్ని శిష్యుడొకరు పూర్తి చేశారు.

ఆయన గురించి ఒక ముచ్చట ప్రచారంలో ఉన్నది. సూర్యునిలో బంగారం ఉన్నా కిందికి తెచ్చుకోలేనప్పుడు దానివల్ల ఏమి లాభమని ఆయన బ్యాంకు అధికారి ఎగతాళి చేశాడట. తరువాత ఇంగ్లండు నుండి పతకంతో పాటు బంగారు నాణేలు బహుమతిగా వచ్చినప్పుడు, వాటిని అదే అధికారి చేతిలో పెట్టి, సూర్యుని బంగారమేనంటూ జమ చేయించారట. రాయల్ సొసైటీ 1862లో ఆయనకు రమ్‌ఫర్డ్ పతకమిచ్చిన మాట మాత్రం చరిత్రకెక్కినదే.

గుంటూరు ఆకాశంలో

కిర్కాఫ్, బున్సెన్‌ల పద్ధతికి తెలుగు నేలతో ఒక చిరస్మరణీయమైన సంబంధం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు తీరం మీదుగా సాగినది. ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ బందరులోను పరికరాలు అమర్చుకొని పరిశీలించారు. సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలలు వేడెక్కిన వాయువులేనని ఆ రోజున రంగు గీతలు తెలియజేశాయి. వాటిలో సోడియం గీతకు దగ్గరగా కనిపించిన పసుపు గీత కొత్త మూలకానికి చెందినదని తరువాత తేలినది. అదే హీలియం. దానిని భూమిపై గుర్తించినది 1895లో.

ఊతకర్రల మీద నడచిన శాస్త్రం

కీర్తి శిఖరాన ఉన్న ఆ కాలంలోనే కిర్కాఫ్ జీవితంలో చీకటి కమ్ముకొన్నది. ఒక ప్రమాదంలో కాలికి గాయమై, చాలాకాలం ఊతకర్రలతో, చక్రాల కుర్చీతో కాలం గడపవలసి వచ్చింది. 1869లో భార్య క్లారా మరణించారు. పిల్లల పెంపకం ఆయనపై పడినది. అటువంటి స్థితిలోనూ ఆయన పాఠం మానలేదు. స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేని ఆ రోజులలో రష్యా నుండి వచ్చిన సోఫియా కోవలెవ్‌స్కాయా ప్రత్యేక అనుమతితో ఆయన ఉపన్యాసాలు విన్నారు. తరువాత ఆమె ప్రపంచ ప్రఖ్యాత గణితవేత్త అయినారు. 1871 ప్రాంతంలో హాలండు నుండి వచ్చి హైడెల్‌బర్గ్‌లో చదివిన కామర్లింగ్ ఓనెస్, 1911లో అతిశీతల స్థితిలో పాదరసపు నిరోధం అంతరించిపోవడాన్ని కనుగొన్నారు. నిరోధాలకు లెక్క చెప్పిన ఆచార్యుని శిష్యుడే నిరోధం లేని స్థితిని చూడగలిగాడు.

1872లో కిర్కాఫ్ లూయిసా బ్రోమెల్‌ను పునర్వివాహమాడారు. ఇంటికి మళ్లీ వెలుగు వచ్చింది. ఇతర విశ్వవిద్యాలయాలు పిలిచినా ఆయన అంతవరకు హైడెల్‌బర్గ్‌ను విడువలేదు. ఆరోగ్యం ప్రయోగశాలలో నిలబడి పని చేయనివ్వని స్థితి వచ్చిన తరువాత, 1875లో బెర్లిన్‌లో సైద్ధాంతిక భౌతికశాస్త్ర పీఠాన్ని స్వీకరించారు. చేతులతో చేయలేని పనిని బుద్ధితో కొనసాగించారు. మరుసటి సంవత్సరం వెలువడిన యంత్రశాస్త్ర ఉపన్యాసాలలో, చలనాలను సంపూర్ణంగా, అత్యంత సరళంగా వర్ణించడమే ఆ శాస్త్రం పని అని నిర్దేశించారు.

బెర్లిన్ తరగతిలో ఆయన పాఠం విన్నవారిలో మాక్స్ ప్లాంక్ ఒకరు. ఆ పాఠాలలో ప్రతి వాక్యం ముందుగా తూచి సిద్ధం చేసుకొన్నదే. అయితే వినడానికి కంఠస్థం చేసి అప్పగించినట్లుండేదని ప్లాంక్ తరువాత వ్రాసుకొన్నారు. కాని ఆ గురువే 1859లో ఒక ప్రశ్నను శాస్త్రలోకం ముందుంచారు. తనపై పడిన వెలుగునంతా పీల్చుకొనే నల్లని వస్తువు వేడెక్కితే ఏ రంగు వెలుగు ఎంత వస్తుందన్నదే ఆ ప్రశ్న. నాలుగు దశాబ్దాల తరువాత 1900లో ప్లాంక్ దానికి జవాబు కనుగొనగా క్వాంటం సిద్ధాంతం అవతరించింది. గురువు ఖాళీ చేసిన బెర్లిన్ పీఠం 1889లో ప్లాంక్‌కే దక్కినది.

పేర్లు మారిన ఊళ్లు, మారని నియమం

కిర్కాఫ్ 1887 అక్టోబరు 17న బెర్లిన్‌లో కన్నుమూశారు. పిల్లల కథలు కూర్చిన గ్రిమ్ సోదరుల సమాధులకు చేరువలో ఆయన సమాధి ఉన్నది. ఆయన పుట్టిన కోనిగ్స్‌బెర్గ్ రెండవ ప్రపంచ యుద్ధానంతరం సోవియట్ పాలనలోకి పోయి 1946లో కాలినిన్‌గ్రాడ్ అయినది. నేడు అది రష్యాలో భాగం. ఆయన చదివిన విశ్వవిద్యాలయం 1945తో అంతరించింది. తొలి ఉద్యోగం చేసిన బ్రెస్లావ్ పోలండుకు దక్కి వ్రొత్స్వాఫ్‌గా మారింది. అక్కడ తరతరాలుగా మాట్లాడిన జర్మను భాష వీధుల నుండి తరలిపోయింది. గీతలు మారితే ఊళ్ల పేర్లు, బడి భాషలు ఎలా మారుతాయో సరిహద్దున బ్రదికేవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆయన వ్రాసిన నియమానికి మాత్రం సరిహద్దు లేదు. కాలినిన్‌గ్రాడ్ ఇంటిలోను, వ్రొత్స్వాఫ్ బడిలోను, బళ్లారి, హోసూరు, పర్లాకిమిడి, యానాంల ఇళ్లలోను కరెంటు అదే లెక్కకు లోబడి చీలుతున్నది, అదే లెక్కకు లోబడి కలుస్తున్నది. కన్నడంలో చదివినా, తమిళంలో చదివినా, ఒడియాలో చదివినా, తెలుగులో చదివినా 4, 6, 12 ఓముల దారులకు వచ్చే వాటాలు 3, 2, 1 ఆంపియర్లే. 21 ఏళ్ల వయస్సులో ఒక విద్యార్థి తన అభ్యాసపు వ్యాసం చివర చేర్చిన కొన్ని పంక్తులు అందరి ఇళ్లలోని దీపాలకు పనికివచ్చే ఉమ్మడి ఆస్తి అయినవి.